తేనెరంగు గిటారు

విజయనగరంలో భానోజీ మాష్టారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగినవాడికి ఆయన అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. "ఊఁ" అని, ఒళ్లోని గిటారు బిరడా ఒకటి కాస్త తిప్పి, తీగ మీటి, చెవి ఒగ్గి విని, "చూద్దాం" అనేవారు. అడిగినవాడు ఆ సంగతి మరిచిపోతున్న సమయానికి ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని చేస్తూండగా మధ్యలో ఎక్కడో జవాబు తగిలేది. తగలని వాళ్లకి తగిలేది కాదు. వాళ్లు తిరిగొచ్చి గొణిగితే, "అడగాల్సింది అడిగావో లేదో చూసుకో నాయనా" అనేవారు. ఇలాంటి గురువు దగ్గర నిలదొక్కుకోవాలంటే ఓపికన్నా ఉండాలి, మొండితనమన్నా ఉండాలి. ఈ కథలోని పైడిరాజుకి ఓపిక బొత్తిగా లేదు. రెండోది మాత్రం ఊరంతటికీ పంచిపెట్టేటంత ఉంది.

మాష్టారు గిటారు మీద కర్ణాటక సంగీతం వాయించేవారు. అదేం చోద్యమని మొహం చిట్లించిన పెద్దలు కూడా ఆయన సహాన రాగం ఎత్తుకున్నాక కండువాతో కళ్లు ఒత్తుకుంటూ లేచి వెళ్లడం ఆ ఊరు చూసింది. ఆయన ముందుగదిలో గోడ పొడుగునా మేకులకి గిటార్లు వేలాడుతూ ఉండేవి. ఒకదాని పొట్ట పెద్దది, ఒకదాని మెడ సన్నం, ఒకటి మసిబారిన చందనం రంగు, ఒకదానికి ఎప్పుడో విరిగి అతికించిన గుర్తు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ కాళ్లు కడుక్కుని కూర్చున్నాక అడిగే మొదటి మాట ఒకటే: "ఒక్క మనిషికి ఇన్ని గిటార్లెందుకండీ?"

ఈ ప్రశ్నకి మాత్రం మాష్టారు అప్పుడే జవాబు చెప్పేసేవారు. ఒకరితో, "కచేరీ మధ్యలో తీగ తెగితే సభని కూర్చోబెట్టి కట్టుకుంటానా?" అనేవారు. ఇంకొకరితో, "ఇది స్టీలు తీగలది, అది నైలానుది. దీని గొంతు దానికి రాదు" అనేవారు. మరొకరితో, "ఆడవాళ్లు పాడితే ఒక శ్రుతి, మగవాళ్లు పాడితే ఒక శ్రుతి. పూటకోసారి బిరడాలు తిప్పితే గిటారు ఒళ్లు హూనమవుతుంది" అనేవారు. అన్నీ నిజాలే. వచ్చినవాళ్లు తలలూపి, కాఫీ తాగి వెళ్లిపోయేవారు. అదే ప్రశ్న ఒకనాడు పైడిరాజు అడిగాడు. దానికి మాత్రం మాష్టారు "ఊఁ" అని బిరడా తిప్పారు. ఎందుకంటే పైడిరాజు అడిగింది గిటార్ల గురించి కాదని ఆయనకి తెలుసు.

పైడిరాజు జూట్ మిల్లులో మగ్గాలు బాగుచేసే మెకానిక్కు. పెళ్లికాక ముందు నుంచీ మాష్టారి దగ్గరే. డ్యూటీ దిగగానే చేతుల గ్రీజు కిరసనాయిలుతో తోముకుని, సబ్బుతో మళ్లీ తోముకుని, వాసన పోయిందో లేదో మూడుసార్లు చూసుకుని మరీ వచ్చి చాప మీద కూర్చునేవాడు. వచ్చిన మొదటి రోజునే మాష్టారు గోడ మీద నుంచి నల్ల గిటారు ఒకటి దింపి, "ఇది నీది" అని చేతిలో పెట్టారు. ఆ రోజు వాడు రోడ్డు మీద నడవలేదు, తేలాడు. కానీ మనిషి బుద్ధి ఎంతకాలం ఒకచోట నిలుస్తుంది? కొన్నాళ్లకి వాడి చూపు మాష్టారి ఒళ్లోకి మళ్లింది. అక్కడ ఉండేది తేనెరంగు గిటారు. మాష్టారు కచేరీలన్నీ దాని మీదే వాయించేవారు. అది మోగితే ఒక్కో స్వరం పాకంలోంచి తీసినట్టు సాగి సాగి వచ్చేది. తన నల్లది మోగితే రేకుడబ్బా మీద వాన పడ్డట్టు ఉండేది. కనీసం వాడి చెవికి అలాగే ఉండేది. ఎప్పటికైనా ఆ తేనెరంగుది తన చేతికే వస్తుందని మనసులో రాసిపెట్టుకున్నాడు. రాకపోతే ఎవరికి వస్తుంది? అంతకాలంగా అంటిపెట్టుకుని ఉన్నవాడు తను కాక ఇంకెవరున్నారు?

ఉన్నారు. ఎస్తేరు వచ్చింది.

ఎస్తేరు పెద్దాసుపత్రిలో నర్సు. చర్చిలో గాయకులకి గిటారు వాయించేది. ఒక శుభకార్యంలో మాష్టారి వాయిద్యం విని, మర్నాడే వచ్చి గుమ్మంలో నిలబడి, "నేర్పుతారా అండీ?" అంది. నేర్పుతానన్నారు. మాష్టారు పాఠం చెప్పేటప్పుడు శిష్యుల్ని ఎదురుబొదురుగా కూర్చోబెట్టి, తాను గోడకి ఆనుకుని మధ్యలో కూర్చునేవారు. అంతకుముందు పైడిరాజుకి ఎదురుగా ఖాళీ చాప ఉండేది. ఇప్పుడు అక్కడ ఎస్తేరు ఉంది. ఆమె వచ్చిన మొదటి వారం పైడిరాజు పెద్దమనిషి తరహాగా, "భయపడకు చెల్లెమ్మా, మెల్లగా అదే వస్తాది" అని ధైర్యం చెప్పాడు. మూడో నెలకి ఆమె కానడ పలికించిన తీరు విని ధైర్యం చెప్పడం మానేశాడు. ఆరో నెలకి ఆమె సెలవు పెట్టిన రోజున పాఠం ఎంత హాయిగా ఉంటుందో గమనించడం మొదలుపెట్టాడు.

ఇదిలా ఉండగా మాష్టారి కుడిచేతి వేళ్లు వణకడం మొదలైంది. కచేరీలు తగ్గించుకున్నారు. ఏటా ఉత్సవాల్లో కోట దగ్గర జరిగే కచేరీ ఒక్కటే మిగిలింది. ఆ సంవత్సరం శిష్యులిద్దరినీ కూర్చోబెట్టి, "ఈసారి నేను పక్కన కూర్చుని తాళం వేస్తాను. ప్రధానం మీ ఇద్దరిలో ఒకరు, రెండోవారు తోడు" అన్నారు. ఎవరు ప్రధానమో చెప్పలేదు. పైడిరాజు ఆ రోజు ఇంటికెళ్లి భార్య చేత కొత్త లాల్చీ ఇస్త్రీ చేయించుకున్నాడు. దాని ఇస్త్రీ మడత విప్పకుండానే, మరో నాలుగు రోజులకి, మాష్టారు ఎస్తేరుతో, "అమ్మా, ఆ తేనెరంగుది నువ్వు తీసుకో. ఇంటికి పట్టుకెళ్లి సాధన చేసుకో" అన్నారు.

పైడిరాజు నవ్వు మొహం పెట్టుకునే గిటారు సంచీ జిప్పు లాగడానికి ఆమెకి సాయం చేశాడు. "జాగ్రత్త చెల్లెమ్మా, మెడ పట్టుకుని ఎత్తకు" అని కూడా చెప్పాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆమె భుజాన ఊగుతూ వెళుతున్న ఆ సంచీని చూస్తూ నిలబడ్డాడు. ఆ క్షణాన ఆమె కాలు జారి పడితే బాగుండునని అనుకున్నాడు. గిటారుకి మాత్రం ఏమీ కాకూడదని కూడా వెంటనే అనుకున్నాడు.

ఇంటికెళ్లి కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. భార్య ఆదిలక్ష్మి చూసి, "ఏటయ్యింది? మొహం అలగ మాడ్చుకున్నావేటి?" అంది.

"ఆ నర్సుపిల్లకి ఇచ్చేసినారు."

"ఏటిచ్చేసినారు?"

"తేనెరంగుది."

"ఓస్, గిటారే కదా! ఎవులో సచ్చిపోయినట్టు కూకున్నావు. నీకూ ఒకటుంది కదేటి."

"అది గిటారా? రేకుడబ్బా!"

"మాకు బాగానే వినిపిస్తాది మరి. నేను గుమ్మంలో కూకుని బియ్యం ఏరుతూ వింటాను రోజూ."

"నీకేటి తెలుస్తాదే? తిను, తొంగో" అని కంచం తోసేసి లేచిపోయాడు. ఆదిలక్ష్మి ఆ కంచంలోని చేపముక్క తన కంచంలో వేసుకుని, "ఆ గిటారుతోనే కాపరం సెయ్యి" అని గట్టిగానే అంది.

ఆ తరవాత పాఠానికి వెళ్లాడంటే వెళ్లాడు. చెవులు మాత్రం రెండూ ఎస్తేరు గిటారు మీదే. ఆమె మీటిన ప్రతి స్వరమూ వాడి గుండెల్లో సూదిలా దిగేది. తను అంతకాలం తుడిచిన గిటారు అది. మాష్టారు స్నానానికి వెళ్లినప్పుడు దాని వెనక చెక్క మీద చెయ్యి పెట్టి చూసుకున్న గిటారు. ఇప్పుడు ఆమె దాన్ని ఆసుపత్రి దూది ముక్కతో తుడుస్తోంది! ఆమె వేళ్లు చూసేవాడు, వేళ్లు మామూలుగానే ఉన్నాయి. పట్టు చూసేవాడు, తనంత బలం లేదు. వేగం చూసేవాడు, తనంత లేదు. మరి ఆ తియ్యదనం ఎక్కణ్ణుంచి వస్తోంది? గిటారులోంచే. సందేహమేముంది? అది తన చేతిలో ఉంటే తను ఈపాటికి ఎక్కడ ఉండేవాడో! వీడి కుళ్లు ఏ స్థాయికి వెళ్లిందంటే, ఆమె రాగం బాగా వాయించిన రోజున మిల్లులో మగ్గాలకి కూడా తిట్లు తప్పేవి కావు.

చివరికి ఒక సాయంత్రం, ఎస్తేరు వెళ్లిపోయాక, ఉండబట్టలేక అడిగేశాడు. "మాష్టారూ, ఒకటి అడుగుతాను. ఒక్క మనిషికి ఇన్ని గిటార్లు ఎందుకండీ?"

మాష్టారు వాడి మొహం చూశారు. "ఊఁ" అన్నారు. బిరడా తిప్పారు. "ఆదివారం రా. ఆ అమ్మాయినీ రమ్మన్నాను" అన్నారు.

ఆదివారం ఎస్తేరు చర్చి నుంచి తిన్నగా వచ్చింది. తెల్లచీర, భుజాన తేనెరంగుది. పైడిరాజు అప్పటికే వచ్చి చాప మీద బిగుసుకుని కూర్చుని ఉన్నాడు. ఆ రోజే ప్రధానం ఎవరో తేలుతుందని వాడికి అనిపించింది. తేలితే తనకి వ్యతిరేకంగానే తేలుతుందనీ అనిపించింది. మాష్టారు గోడకి ఆనుకుని, "ఇద్దరూ గిటార్లు మార్చుకోండి" అన్నారు.

పైడిరాజు తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు. ఎస్తేరు మారు మాట్లాడకుండా తేనెరంగుది అందించింది. వాడు అరచేతులు చొక్కాకి తుడుచుకుని దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ఇన్నాళ్లకి! నల్లదాన్ని ఆమె కేసి తోసేశాడు, వదిలిపోయిన జబ్బుని తోసినట్టు. "మొదలుపెట్టు" అన్నారు మాష్టారు. వాడు కళ్లు మూసుకుని మోహన ఎత్తుకున్నాడు.

నాలుగు స్వరాలకే కళ్లు తెరిచాడు. ఇదేమిటి? తియ్యదనం ఏది? పొడిపొడిగా, ముక్కలు ముక్కలుగా, అచ్చం రేకుడబ్బా! తీగలు పాతబడ్డాయా అని చూశాడు, కొత్తవే. బిరడాలు సవరించాడు. మళ్లీ వాయించాడు. మళ్లీ అదే రేకుడబ్బా. "దీన్నేటి సేసినావమ్మా?" అన్నాడు, మాట తేనెలో ముంచి.

"నేనేం చేస్తానన్నయ్యా? తుడవడమే" అంది ఎస్తేరు.

"నువ్వు వాయించమ్మా" అన్నారు మాష్టారు ఆమెతో. ఎస్తేరు నల్లదాన్ని కాస్త బెరుకుగా సర్దుకుని అదే మోహన ఎత్తుకుంది.

పైడిరాజు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. తన నల్ల గిటారేనా అది? లోతుగా, నిండుగా, ఒక్కో స్వరం వచ్చి గుండె మీద చెయ్యి వేసినట్టు పలుకుతోంది. తన ఇంట్లో ఏనాడూ నోరు విప్పని పిల్ల పక్కింటికెళ్లి గలగలా కబుర్లు చెబుతుంటే విన్నట్టయింది వాడికి. ఇన్నాళ్లూ ఇంత దాచుకుని తన దగ్గర డబ్బాలా మోగిందా ఇది? ఒళ్లు మండిపోయింది. ఒళ్లోని తేనెరంగుది వాడికి బరువైపోయింది.

"మాష్టారూ, నాది నాకిచ్చెయ్యమనండి" అన్నాడు.

"మార్చుకోండి" అన్నారాయన.

మార్చుకున్నారు. ఎస్తేరు చేతిలో తేనెరంగుది మళ్లీ పాకంలా సాగింది. వాడి ఒళ్లో నల్లది మళ్లీ డబ్బా అయిపోయింది. వాడు రెండింటినీ మార్చి మార్చి చూశాడు. అంత మొండివాడి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. గిటారు చాప మీద పెట్టేసి లేచి నిలబడ్డాడు.

"తెలిసిపోయిందండీ మాష్టారూ. ఏ గిటారైనా ఆవిడ ఒళ్లో ఉంటేనే పలుకుతాది. నా చేతిలోనే లేదు. ఇన్నేళ్లూ మీరు సెప్పలేక ఊరుకున్నారు, నేను తెలుసుకోలేక కూకున్నాను. ప్రధానం ఆవిడకే ఇచ్చెయ్యండి. తోడుగా కూడా నేను కూకోను. సూడలేను, ఉన్నమాట సెప్తున్నాను. ఏడుపొస్తాది నాకు. రేపట్నించి రానండి."

మాష్టారి కన్నా ముందు ఎస్తేరు అందుకుంది. ఆమె మొహం కందగడ్డలా అయిపోయింది.

"అదేంటన్నయ్యా అలా అంటారు! మీరు వెళ్లిపోతే నేనెవరిని చూసి ఏడవాలి?"

పైడిరాజు గుమ్మం దగ్గర ఆగాడు. "నువ్వా?"

"నేనే. వచ్చిన రోజు నుంచీ మీ నల్ల గిటారు మీద పడి చస్తున్నాను. మీరు ఎదురుగా కూర్చుని వాయిస్తుంటే దాని గొంతు విని రాత్రిళ్లు డ్యూటీలో అదే తలుచుకునేదాన్ని. మాష్టారు తేనెరంగుది ఇచ్చినప్పుడు ఇంటికెళ్లి ఏడ్చాను, నల్లది ఇవ్వలేదని. పొరుగువాళ్ల వస్తువు మీద ఆశ పెట్టుకోకూడదని పాస్టరు గారు చెబుతుంటే నాకు మీ గిటారే కళ్లముందు కనపడేది. ఇందాక అది నా ఒళ్లోకి వచ్చినప్పుడు ఎంత సంబరపడ్డానో తెలుసా? తీరా వాయిస్తే అందులో ఏమీ లేదు! నా చేతికి అంతేలే అనుకుని మొహం చిన్నబుచ్చుకున్నాను. మీరేమో అదే బాగుందంటున్నారు!"

పైడిరాజు ఆమె మొహం కేసి అనుమానంగా చూశాడు. జాలిపడి అంటోందేమోనని వెతికాడు. జాలి లేదు. అక్కడ ఉన్నదాన్ని వాడు చూడగానే పోల్చుకున్నాడు. రోజూ అద్దంలో చూసుకుంటున్నదే అది.

"ఇలా వచ్చి కూర్చో" అన్నారు మాష్టారు. వాడు వచ్చి కూర్చున్నాడు. ఆయన నల్ల గిటారు తీసి వాడి ఒళ్లో సరిగ్గా పెట్టి, మధ్యలోని గుండ్రటి రంధ్రం మీద వేలు పెట్టారు. "దీని నోరు ఎటు ఉంది?"

పైడిరాజు వంగి చూశాడు. ఇన్నేళ్లూ రోజూ చూస్తున్నదాన్నే, కొత్తగా చూశాడు. "అటు ఉందండి. ఆవిడ వైపు."

"నీ చెవులు?"

వాడు ఒళ్లోకి చూసుకున్నాడు. గిటారు వెనక చెక్క వాడి పొట్టకి ఆనుకుని ఉంది.  ఎస్తేరు తన ఒళ్లోని తేనెరంగుదాన్ని తలకిందులుగా వంగి చూసుకుని, గబుక్కున చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి..." అన్నాడు పైడిరాజు కాసేపటికి. ఒకటి మాత్రం ఇంకా మింగుడు పడలేదు. "మరి ఆ తేనెరంగుది ఆవిడకెందుకు ఇచ్చినారండీ?"

"చర్చిలో ఆ అమ్మాయి వాయించే గిటారు చర్చివాళ్లది. సాధనకి ఇంటికి ఇవ్వడం కుదరదన్నారుట. ఆ పిల్లకి సొంతానికి గిటారు లేదురా. నీకు ఉంది."

"అంతేనా అండీ?"

"ఇంకేముంటుంది?"

పైడిరాజు తల దించుకున్నాడు. అన్నాళ్ల అగచాట్లూ, తినకుండా తోసేసిన అన్నమూ, మగ్గాల్ని తిట్టిన తిట్లూ, అన్నిటికీ కారణం ఇంత చిన్నదైపోతే మనిషికి సిగ్గుకన్నా ముందు ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. వాడికీ అలాగే అనిపించింది.

"కచేరీలో ప్రధానం నువ్వే" అన్నారు మాష్టారు మామూలు గొంతుతో. "ఆలాపనలో ఆ అమ్మాయికి నీకున్నంత సాధన ఇంకా లేదు. వచ్చే ఏడు ఆవిడ, అప్పుడు నువ్వు తోడు కూర్చుంటావు. ఏడుస్తూనే కూర్చో, నాకేం అభ్యంతరం లేదు. ఇంతకీ ఏ గిటారుతో వాయిస్తావు? నీకు కావాలంటే ఆ రోజుకి తేనెరంగుది తీసుకో. ఆ పిల్ల నల్లది తీసుకుంటుంది."

పైడిరాజు ఒళ్లోని నల్లదాని మీద చెయ్యి వేశాడు. ఎస్తేరు వాడి చేతి కేసి, కాదు, చేతి కింద ఉన్నదాని కేసి చూస్తోంది. ఇప్పుడు అన్నీ తెలిసి కూడా ఆమె కళ్లలో ఆ ఆశ చావలేదు. అది చూసి వాడికి మొట్టమొదటిసారి తన గిటారు మీద ప్రేమ పుట్టింది.

"నల్లదేనండీ" అన్నాడు. అన్నాడే గాని, అదే సమయానికి ఎస్తేరు పొరపాటున చెయ్యి తగిలి తేనెరంగుదాని మీద ఒక తీగ మోగింది. ఒక్క స్వరం. అది గది మధ్యకి వచ్చి మెల్లగా కరిగిపోయేదాకా వాడి మెడ అటే తిరిగి ఉంది.

మాష్టారు చూశారు. నవ్వారు. "ఆ రోజు వేదిక మీద కూడా అదే బాగున్నట్టుంటుంది. నేను చెప్పాననీ, ఈ అమ్మాయి చెప్పిందనీ నీ చెవి నమ్మదు."

పైడిరాజు దొంగలా దొరికిపోయి, తనూ నవ్వేశాడు. నవ్వుతూనే, ఎందుకో ధైర్యం వచ్చి, "మీ చెవి ఎప్పుడైనా నమ్మిందా అండీ మాష్టారూ?" అన్నాడు.

మాష్టారు ఈసారి "ఊఁ" అనలేదు. బిరడా తిప్పలేదు. వణుకుతున్న చేతిని ఎత్తి, గోడ పొడుగునా మేకులకి వేలాడుతున్న గిటార్లన్నిటినీ ఈ చివర నుంచి ఆ చివరదాకా చూపించారు.

"ఇన్నెందుకని అడిగావుగా, ఎదుటివాళ్ల చేతిలో బాగుందనిపించినదల్లా తెచ్చుకున్నాను. నా ఎదురుగా కూర్చుని వాయించినవాళ్లు అంతమందిరా."